గోడ కింద అన్నం

ఏప్రిల్ 14, 1981

ఈ డైరీ పుస్తకం రెండేళ్ళ కిందటిది. ఎరువుల కొట్టువాడు ఇచ్చాడు. వారాలు కలవవు, తేదీలు కలుస్తాయి. అది చాలు.

రాత్రిబడి మూసేసి ఏడాదైంది. రోజూ రెండు ముక్కలు రాయకపోతే అక్షరాలు చెయ్యి జారిపోతాయని లలితాంబ పంతులమ్మ చెప్పింది. అరవై ఆరో ఏట నేర్చుకున్న అక్షరాలు. జారిపోతే మళ్ళీ పట్టే ఓపిక లేదు. పని ఉన్న రోజు రాస్తాను. పని లేని రోజు రాయడానికి ఏముంది.

ఈ రోజు పని వచ్చింది. మెయిన్ రోడ్డులో సూర్యనారాయణమూర్తి గారి మేడ. ఆయన తాలూకా ఆఫీసులో పెద్ద గుమాస్తా చేసి రిటైరయ్యారు. కింద వీధి గోడ తీసేసి రెండు కొట్లు కట్టి అద్దెకివ్వాలని ఆయన ఆలోచన. పై అంతస్తు గోడ మాత్రం కదలకూడదు. అంటే పైగోడను ఊతల మీద నిలబెట్టి, కిందిది కొట్టేసి, మధ్యలో సిమెంటు దూలం పోసి, అది గట్టిపడేదాకా పట్టుకోవాలి. పట్టుకునేవాణ్ణి నేను. ఈ పని నర్సీపట్నంలో ఇంకొకడికి రాదు. కొయ్యూరు నుంచి పాయకరావుపేట దాకా వెతికినా దొరకడు.

సిమెంటు పని మన్మథరావు మేస్త్రీది. ముప్పై ఏళ్ళవాడు, కళ్ళజోడు పెట్టుకుంటాడు.

"తాతా, ఇశాపట్నంలో ఇనప జాకీలు దొరుకుతాయి. తెప్పించీమంటావేటి?" అన్నాడు.

"జాకీకి నోరుందేటిరా?"

"కర్రకి ఉందేటి?"

"ఉంది. తడితే సెప్తాది."

వాడు నవ్వాడు. నవ్వనీ.

ఏప్రిల్ 16

పైగదిలో ఉండేది మూర్తిగారి అక్కగారు, వర్ధనమ్మ గారు. చిన్నప్పుడే భర్త పోతే పుట్టింటికి వచ్చేశారు. ఇప్పుడు డెబ్బై రెండు. ఆవిడ మంచం, పొయ్యి, మడిబట్టలు అన్నీ ఆ గదిలోనే. నేను పట్టుకోవాల్సిన గోడ ఆ గదిదే. గోడ కిందికి వస్తే గది వస్తుంది, గదితో ఆవిడ.

మూర్తిగారు నా ఎదురుగానే అడిగారు. "అక్కా, ఈ రెండు నెలలూ కింద వెనకగదిలో ఉందువు గాని."

"ఊతలు పెడుతున్నది ఎవరు?"

"సింగన్న."

"అయితే నేనెందుకు దిగడం? తుఫాను వచ్చిన ఏడు వంటింటి గోడ వీడే పట్టుకున్నాడు. పది రోజులు దాని కిందే వండాను. పప్పు కూడా మాడలేదు."

అది నిజమే.

ఏప్రిల్ 19

సరుగుడు బాదులు దిగాయి, ఊతలుగా నిలబెట్టే కర్రలు. తాటి దూలాలు రేపు వస్తాయి.

ఊతలు నిలబెట్టే చోట నేలంతా కొయ్య సుత్తితో తట్టుకుంటూ వెళ్ళాను. పాత గచ్చు. కింద బోలు ఉంటే అక్కడ పలుకు మారుతుంది. ఎక్కడా మారలేదు. అంతా గట్టి.

వర్ధనమ్మ గారు మెట్ల మీద నిలబడి, లోపలి మూలకి చెయ్యి చూపిస్తూ ఏదో అన్నారు. తలూపాను. వయసు మీద పడితే గొంతు సన్నబడిపోతుంది. ఒకప్పుడు ఆవిడ పిలిస్తే వీధి చివరికి వినపడేది.

ఏప్రిల్ 24

ఊతలు నిలబడ్డాయి. ఐదు రోజుల పని. ఇంకెవడికైనా పది.

గోడకి ఐదు కన్నాలు పొడిచాం. ఒక్కో కన్నంలోంచి ఒక్కో తాటి దూలం అడ్డంగా దూర్చాం, సగం వీధిలోకి, సగం కింది గదిలోకి. దూలం రెండు కొసల కిందా రెండు బాదులు. బాదు కింద పలక, పలక మీద రెండు బిగింపు చెక్కలు, ఎదురెదురుగా. చెక్కల్ని కొట్టేకొద్దీ బాదు పైకి లేచి దూలాన్ని ఎత్తి పట్టుకుంటుంది. ఐదు దూలాలకి పది బాదులు. వీధిలోంచి ఏటవాలుగా ఇంకొకటి. మొత్తం పదకొండు. చింత చెక్కలు నా చేత్తో చెక్కినవే.

జోగులు మేస్త్రీ నాకీ పని నేర్పాడు. పోయి ముప్పై ఏళ్ళు. రెండు మాటలు చెప్పాడు. ఒకటి, రోజూ పొద్దున్నే ఊతలు తట్టాలి. బరువు మోసేది ఖంగుమంటుంది, వదిలేసింది బొంగురుపోతుంది. పది ఊతలుంటే పది గొంతులు, ఏ రెండూ ఒకలా పలకవు. రెండోది, ఊత పెట్టినవాడు మధ్యాహ్నం అన్నం ఆ గోడ కిందే కూర్చుని తినాలి, గోడ కొత్త దూలం మీద కూర్చునేదాకా, రోజూ, ఇంటివాళ్ళు చూస్తుండగా. తినలేనివాడు ఇంకొకర్ని దాని కింద నడవమనకూడదు.

సాయంత్రం తట్టాను. పదకొండూ ఒకటే పలుకు. ఇంత సమంగా నాకు జన్మలో కుదరలేదు. జోగులు చూసి ఉంటే బాగుండేది.

ఏప్రిల్ 26

కింది గోడ కొట్టడం మొదలుపెట్టారు. సుద్దముక్కతో దూలాలకి అంకెలు రాశాను. ఇప్పుడు నాకు అంకెలు వచ్చు. గోడ మీద పాత చీలికలున్న చోట్ల, ఏ దూలం పైన ఆ దూలానికి, గంజితో కాగితం ముక్కలు అంటించాం. గోడ కదిలితే కాగితం చిరుగుతుంది.

గంజి కాచేది లోవమ్మ. మా తమ్ముడి కూతురు. ఇరవై ఏళ్ళుగా నా వెంటే పని చేస్తోంది. మనిషి గట్టిది. చుట్ట అడ్డపొగ వేసుకుని, నిప్పు నోట్లో ఉండగానే మాట్లాడుతుంది.

గోడ కింద కూర్చుని తిన్నాను. వంకాయ. వర్ధనమ్మ గారు పైనుంచి తొంగి చూశారు.

ఏప్రిల్ 28

తట్టాను. అన్నీ ఒకటే పలుకు. గోడ కింద తిన్నాను.

ఏప్రిల్ 29

తట్టాను. ఒకటే పలుకు.

చోడవరం రోడ్డు మీద సైకిల్‌వాడు గుద్దాడు. మోకాలు చెక్కుకుపోయింది. బెల్లు కొట్టలేదు. కొట్టానంటాడు. పక్కన నిలబడ్డ పళ్ళమ్మే ఆవిడ కూడా వాడి వైపే మాట్లాడింది. బస్సుల వాళ్ళు కూడా హారన్ కొట్టడం మానేశారీ మధ్య. ఊళ్ళో ఎవరికీ భయం లేదు.

మే 1

పిచ్చుకలు తగ్గిపోయాయి. కనపడుతున్నాయి గాని అరవడం లేదు. ఎండలకి కాబోలు.

మే 3

మూడో దూలం మీద కాగితం చిరిగింది. బల్లి తిరిగి ఉంటుంది. కొత్తది అంటించాం.

మే 6

మళ్ళీ మూడోదే. గంజి పలచన. లోవమ్మని చీవాట్లు పెట్టాను.

"గంజి పలసనైతే కాగితం ఊడాల గదా పెదనానా," అంది. "ఇది ఊడనేదు. నడిమికి సిరిగింది. మిగతా నాలుక్కీ ఇదే గంజి రాసేను."

"నోరు ముయ్యి."

"మూస్తాను. కాగితం మూస్తాదేటి?"

దానికి నోరెక్కువ. మా తమ్ముడికీ అంతే.

మే 7

గంజి నేనే కాచాను. చిక్కగా.

తట్టాను. ఒకటే పలుకు. గోడ కింద తిన్నాను.

మే 8

కాగితం చిరిగింది.

మే 9

కింద గోడ మొత్తం పోయింది. పైగోడ ఇప్పుడు నా దూలాల మీదే ఉంది. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. ఒకాయన ఏటికొప్పాక నుంచి బొమ్మల బుట్ట దించుకుని, గోడ గాల్లో ఎలా ఉందని అడిగాడు. సింగన్న పెట్టాడని లోవమ్మ చెప్పింది. ఆయన చెప్పులు విడిచి లోపలికి వచ్చి చూశాడు.

సున్నం దుమ్ము అన్నంలో పడుతోంది. ఎదురింటి అరుగు మీద కూర్చుని తిన్నాను.

మే 10

తట్టాను. ఒకటే పలుకు. అరుగు మీద తిన్నాను. దుమ్ము.

మే 11

మన్మథరావు మనుషులు రాలేదు, వాళ్ళ ఊళ్ళో పెళ్ళి. ఈ రోజు రాళ్ళూ మట్టీ ఎత్తేవాళ్ళు లేరు.

అరుగు మీద తిన్నాను. దుమ్ము.

మే 12

ఇది రాయకుండా ఉంటే బాగుండేది. రాస్తానని పుస్తకం పట్టుకున్నాను కాబట్టి రాస్తున్నాను.

పొద్దున్న వాన పడింది, ఎండాకాలం వాన, గంటసేపు. వెలిశాక సుత్తి తీసుకుని ఒకటో నంబరు నుంచి తట్టుకుంటూ వచ్చాను. లోవమ్మ తట్ట దించి నిలబడింది.

"పెదనానా. మూడో దూలం, లోపలి ఊత. అది పలకడం నేదు."

"పలుకుతాంది."

"నానిక్కడ్నించే ఇంటన్నాను. డొక్కు బిందె నాగుంది."

"నాను నలభై ఏళ్ళనించి తడతన్నాను. నువ్వు నాకు సెప్తావేటే?"

అది అడ్డపొగ నోట్లోంచి తీసింది. తీసిందంటే మాట పెద్దదన్నమాట. నా చేతిలోంచి సుత్తి లాక్కుంది. నా భుజాలు పట్టుకుని వీధి వైపు తిప్పింది. నా మీద అంత చొరవ ఎప్పుడూ తీసుకోలేదు.

"అటు సూడు. నాను కొడతాను. ఎన్ని కొట్టేనో లెక్కెట్టు."

వీధిలో రిక్షా పోతోంది. మన్మథరావు గట్టు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. వాడు నా మొహం చూడటం లేదు, నా వెనక లోవమ్మని చూస్తున్నాడు. నేను లెక్కపెట్టాను.

"నాలుగు," అన్నాను.

అది నా ముందుకు వచ్చింది. "ఏడు కొట్టేను పెదనానా."

"నాలుగే."

"ఏడు. మేస్త్రీని అడుగు."

మన్మథరావుని అడగలేదు. వాడు టీ గ్లాసులోకి చూస్తున్నాడు.

లోపలికి వెళ్ళాను. మూడో దూలం లోపలి ఊత కింద కూర్చున్నాను. బిగింపు చెక్క పట్టుకుని లాగాను. గోడ బరువు మీదుంటే ఆ చెక్క ఇద్దరు మగవాళ్ళు సుత్తి వేసి కొట్టినా రాకూడదు.

చేతికి వచ్చేసింది.

దాన్ని మళ్ళీ దాని చోట పెట్టి, అరచేత్తో లోపలికి నెట్టాను. వెళ్ళింది, జేబులోకి అగ్గిపెట్టె వెళ్ళినట్టు. ఆ ఊత మోయాల్సినదంతా ఇన్నాళ్ళూ రెండోదీ నాలుగోదీ మోశాయి. అవి కర్రలు. ఎన్నాళ్ళు మోస్తాయి.

వర్ధనమ్మ గారు పైన ఉన్నారు. గదిలో అటూ ఇటూ నడుస్తున్నట్టున్నారు. కప్పు నుంచి మట్టి రాలింది, దాన్ని బట్టి తెలిసింది.

మే 12, మళ్ళీ

ఒకటే రోజు రెండుసార్లు రాయడం ఇదే.

మెట్లు పదహారు. ఆవిడ కిటికీ దగ్గర పీట మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నారు. గుమ్మం ఇవతల నిలబడ్డాను.

"అమ్మగారూ, మీరు కిందకి దిగాల."

ఆవిడ ఏదో అన్నారు. పెదాలు కదిలాయి. తలూపబోయాను. ఆపుకున్నాను.

"ఇనిపించనేదమ్మా. గట్టిగా సెప్పండి."

ఆవిడ తల ఎత్తారు. "ఎందుకు దిగాలి అంటున్నాను."

"మూడో దూలం కింద ఊత పట్టు వదిలీసింది."

"ఎప్పట్నుంచి?"

"తెలీదు."

"తెలియకపోవడమేవిటోయ్! రోజూ తడుతున్నావు కదా."

"తడతన్నాను. పలుకు ఇనిపించడం నేదు. ఈ పనికి ముందునించే నేదు. నేల తట్టినప్పుడు కూడా ఇనిపించనేదు."

ఇన్ని మాటలు ఎలా అన్నానో తెలియదు. ఆవిడ గింజ తీసి గిన్నెలో వేశారు. ఇంకొకటి తీశారు.

"నువ్వు నేల తట్టిన రోజునే మెట్ల మీంచి చెప్పాను," అన్నారు, ఈసారి నిజంగా వీధి చివరికి వినపడే గొంతుతో. "ఆ లోపలి మూల పాత రోలు ఉండేది. నా చిన్నప్పుడు అందులోనే పిండి దంచేవాళ్ళం. రోలు తీసేసి గొయ్యి పూడ్చి, పైన గచ్చు చేశారు. అక్కడ కర్ర పెట్టకు అన్నాను. నువ్వు తలూపావు. సింగన్నకి తెలుసులే అనుకున్నాను."

నేను నేల చూశాను.

"గోడ కింద తినడం మానేసి ఇది నాలుగో రోజు. ఈ కిటికీలోంచి ఎదురు అరుగు కనిపిస్తుంది. నీ మూటా, నీ చెంబూ, నువ్వూ."

"సూసి కూడా దిగనేదేటమ్మా?"

"నువ్వొచ్చి చెబుతావని చూశాను. ఈ రోజు కూడా రాకపోతే రేపు నేనే దిగి, నడివీధిలో నలుగురి ముందూ అడిగేదాన్ని. ఏం సింగన్నా, నా నెత్తి మీద నీ పేరు నిలబెట్టుకుంటున్నావా అని."

అడిగేవారే. ఆవిడ సంగతి నాకు తెలుసు.

చింతపండు గిన్నె నా చేతికి ఇచ్చారు. "ఇది పట్టుకుని ముందు నడువు. మోకాళ్ళు నొప్పి, నెమ్మదిగా దిగుతాను. మడిబట్టల జోలికి వెళ్ళకు."

పదహారు మెట్లు. కింద మెట్టు మీద లోవమ్మ నిలబడి ఉంది. చెయ్యి చాచి నా చేతిలోంచి గిన్నె అందుకుంది.

మే 13

నా కుడి చెవి లేదు. ఎడమది సగం.

మే 14

మన్మథరావుతో రెండు జాకీలు తెప్పించమన్నాను. వాడు నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

మూడో దూలానికి గొయ్యి ఉన్న చోటు వదిలి అటొకటి ఇటొకటి కొత్త బాదులు నిలబెట్టాం, వెడల్పు పలకల మీద. బరువు వాటి మీదికి వచ్చాక పాత ఊత తీసి గచ్చు పగలగొట్టాం. కింద మట్టి జానెడు దిగిపోయింది. గచ్చు వంతెన లాగా నిలిచి ఉంది, దాని మీద నా పలక, పలక మీద నా ఊత. మట్టిలో ఒక పాత ఇత్తడి గరిటె దొరికింది. వర్ధనమ్మ గారు చూసి, "ఇది పోయిందని మా అమ్మ నన్ను కొట్టింది," అన్నారు. కడగమని ఇచ్చారు.

గొయ్యి రాళ్ళతో నింపాం.

నాలుగో దూలం వంగింది, జాకీలు వస్తే దాని కిందికే. ఇంకో వారం అయితే విరిగేదని మన్మథరావు అన్నాడు. నేను నాలుగు రోజులు అనుకుంటున్నాను. వాడికి చెప్పలేదు. ఇక్కడ రాసుకుంటున్నాను.

మే 15

సుత్తి లోవమ్మది. నేను ఊత మీద అరచెయ్యి పెడతాను, అది తట్టి చెబుతుంది. అది చెప్పింది రాస్తాను.

ఒకటి, ఖంగు. రెండు, దానికన్నా సన్నం. మూడు కొత్తవి రెండూ గట్టి, ఒకటి లావు గొంతు. నాలుగుకి గొంతు బిగుసుకుంది. ఐదు మామూలు. ఏటవాలుది, "పెళ్ళి సన్నాయి నాగుంది" అంది.

ఏ రెండూ ఒకలా లేవు.

గోడ కింద తిన్నాను.

మే 22

దూలం పోశారు. పొద్దున్న నుంచి చీకటి పడే వేళ దాకా. కాగితాలు ఐదూ బాగున్నాయి.

మే 30

కొత్త దూలాన్ని తడుపుతున్నారు. లోవమ్మ ఊతలు తట్టింది. రాశాను వెనక పేజీలో.

పాకలపాడు నుంచి ఒకాయన వచ్చాడు, ఇంటి గోడ వంగింది, ఊత కావాలని. లోవమ్మని తీసుకెళ్ళి నేల తట్టి చూస్తానన్నాను. "ఆడమనిషికేం తెలుస్తుంది?" అన్నాడు. నాకు తెలియనిది తెలుస్తుందని చెప్పాను. ఆయన వెళ్ళిపోయాడు. వస్తే వస్తాడు.

జూన్ 14

ఊతలు తీశాం. దూలానికీ పైగోడకీ మధ్య సందులో పెంకుముక్కలూ సిమెంటూ కూరారు మొన్ననే. ముందు ఏటవాలుది తీశాం, తర్వాత ఒకటి, ఐదు, రెండు, నాలుగు, ఆఖరున మూడు. గోడ నిలబడింది. మన్మథరావు దూలాన్ని చరిచి నా వైపు చూశాడు. వాడి పని వాడిది. బాగా చేశాడు. ఎదురుగా అన్నాను కూడా.

జూన్ 16

వర్ధనమ్మ గారు పైకి ఎక్కేశారు. మంచం, పొయ్యి, మడిబట్టలు అన్నీ మళ్ళీ పైకి. గరిటె కూడా.

పని అయిపోయినా మధ్యాహ్నం దాకా ఉన్నాను. కర్రలు బండికి ఎత్తాలి. అన్నం ఇంటి నుంచి తెచ్చుకోవద్దని నిన్ననే ఆవిడ కబురు పెట్టారు. మూర్తిగారి కోడలు విస్తరి వేసింది, పైనుంచి వచ్చిన పప్పూ గోంగూరా వడ్డించింది. కొత్త దూలం కింద కూర్చుని తిన్నాను, ఇప్పుడు రూలేమీ లేకపోయినా. లోవమ్మ ఎదురుగా కూర్చుంది.

తింటుండగా అది తల పైకెత్తింది. నేనూ ఎత్తాను. వర్ధనమ్మ గారు కిటికీలోంచి వంగి ఏదో అడుగుతున్నారు, పెదాలు కదులుతున్నాయి.

"ఏటన్నారే?" అన్నాను.

"పప్పులో ఉప్పు సరిపోయిందేటని."

సరిపోలేదని చెప్పమన్నాను.